ఊరికే ఇస్తే విలువుండదన్నాను

ముప్పై ఒక్క సంవత్సరాలు గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశాను. నా పేరు మస్తాన్ వలి. ఆ పేరు పిల్లలెవరికీ తెలియదు, నేను వాళ్ళకు 'విజిల్ సార్'ని. ఈ మధ్య మా స్కూల్లో కొత్తగా చేరిన ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఇంటికొచ్చారు. ఇద్దరూ పీఈటీలే. "సార్, ఈ వేసవి సమ్మర్ క్యాంపు మా నెత్తిన పెట్టారు. ఇరవై రెండేళ్ళు మీరే నడిపారంట కదా, ఏమైనా చెప్పండి" అన్నారు. చెప్పడం మొదలుపెడితే టీ చల్లారిపోయింది గానీ చెప్పాల్సింది సగం కూడా కాలేదు. అందుకని రాస్తున్నాను.

నాకొచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. ఒక్కటీ రాలేదు కాబట్టి ఇది పెద్ద త్యాగమేమీ కాదు. రిజిస్టర్లు, రిపోర్టుల గురించీ రాయను. అవి ఎలా నింపాలో పక్కవాడిది చూసి మీరే నేర్చుకుంటారు, నేనూ అలాగే నేర్చుకున్నాను.

అసలు ఉద్యోగం

బ్రోచర్లో క్యాంపు గురించి 'సమగ్ర వ్యక్తిత్వ వికాసం' అని ఉంటుంది. చదివి కంగారు పడకండి. అసలు పనేమిటంటే, నలభై మంది పిల్లల్ని పొద్దున ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా ఎండలో పడకుండా, నీళ్ళ సంపులో పడకుండా, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడకుండా చూసుకోవడం. పన్నెండున్నరకు ఎంతమందిని తీసుకున్నామో అంతమందినీ తిరిగి అప్పజెప్తే వ్యక్తిత్వం వికసించినట్టే.

ఈ సంగతి తల్లిదండ్రులకూ తెలుసు. మనకూ తెలుసు. ఎవరూ పైకి అనరు. పిల్లల్ని చూసుకునే దిక్కులేక పంపుతున్నాం అంటే వాళ్ళకు నామోషీ, ఆయా పని చేస్తున్నాం అంటే మనకు నామోషీ. అందుకే మధ్యలో రోబోటిక్స్ అనే మాట పెట్టుకుంటాం. మా క్యాంపులో రోబోటిక్స్ అంటే రిమోట్ కారు. రెండోరోజుకే దాని చక్రం ఊడిపోయేది. ఊడిన చక్రాన్ని బిగించడం మూడోరోజు పాఠం.

మా చిన్నప్పుడు ఈ పని అమ్మమ్మలు చేసేవాళ్ళు. పరీక్షలైన మర్నాడే బస్సెక్కిస్తే రెండు నెలల దాకా పిల్లల ఊసుండేది కాదు. అమ్మమ్మకు బ్రోచర్ లేదు, ఫీజు లేదు, పన్నెండున్నరకు గేటు మూసేది కాదు. ఇప్పుడు అమ్మమ్మలు కూడా ఉద్యోగాల్లో ఉన్నారు, లేదా మోకాళ్ళ నొప్పుల్లో ఉన్నారు, లేదా అసలు లేరు.

సుజాత గారని బ్యాంకులో పనిచేసే ఆవిడ ఉండేది. కొడుకు హర్ష, రెండో తరగతి. పొద్దున మా క్యాంపు. పన్నెండున్నరకు వ్యాను వచ్చి అబాకస్ క్లాసులో దింపేది. అక్కణ్ణించి మూడింటికి ఒకావిడ ఇంట్లో, ఆవిడ నలుగురైదుగురు పిల్లల్ని డబ్బు తీసుకుని టీవీ ముందు కూర్చోబెడుతుంది. సాయంత్రం స్కేటింగు. నాలుగు చోట్లా నాలుగు ఫీజులు, పైన వ్యాను కిరాయి. ఒకరోజు ఆవిడ గేటు దగ్గర హెల్మెట్ తీయకుండానే అంది.

"ఈ రెండు నెలలూ నేను ఉద్యోగం చేసేది వీణ్ణి ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టడానికేనండీ. జీతం ఇటొచ్చి అటు పోతోంది. మా అమ్మ ఉంటే మీ గేటు తొక్కేదాన్నా?"

"బాబులో స్కిల్స్ బాగా పెరుగుతున్నాయండీ" అన్నాను నేను.

ఆవిడ నా వంక ఒక చూపు చూసి బండి స్టార్ట్ చేసింది. ఆ చూపుకు అర్థం నాకు అప్పుడే తెలిసింది, తెలియనట్టు విజిలు ఊదుకుంటూ లోపలికి పోయాను.

సాయంత్రం దాకా క్యాంపు పెట్టొచ్చు కదా అని మా కరస్పాండెంట్ గారిని ఒకసారి అడిగాను. "పిల్లలకు ఎండదెబ్బ తగులుతుంది మాస్టారూ" అన్నారు. గదుల్లో ఉండే పిల్లలకు ఎండెలా తగులుతుందో నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం ఉంచితే అన్నం పెట్టాలి, ఫ్యాన్లు తిరగాలి. ఎండదెబ్బ తగిలేది కరెంటు బిల్లుకన్నమాట.

పెళ్ళిగుర్రం, చేపలావిడ

మా కరస్పాండెంట్ గారు ఒంగోలు వైపు పొగాకు వ్యాపారం చేసి, అది కలిసిరాక విద్యలోకి వచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు. జీతాలు ఆలస్యంగానైనా పూర్తిగా ఇచ్చేవారు. ఆయనకున్న జబ్బల్లా బ్రోచర్. ఏటా అందులో ఒక కొత్త లైను చేర్చి ఫీజు ఇంకో ఐదొందలు పెంచేవారు. ఒక ఏడాది ఆ లైను 'హార్స్ రైడింగ్'.

గుర్రం వచ్చింది. చూడగానే గుర్తుపట్టాను, మా పేటలో పెళ్ళి ఊరేగింపులకు తిప్పే గుర్రమే. నుదుటి మీద అద్దాల తోరణం కూడా విప్పలేదు. మూడు రోజులు బుద్ధిగా గ్రౌండు చుట్టూ తిరిగింది. నాలుగోరోజు పక్క సందులో ఎవరిదో పెళ్ళి, బ్యాండు మొదలైంది. అంతే, గుర్రం ఆగిపోయి, ముందుకాళ్ళు రెండూ ఎత్తి డాన్సు మొదలుపెట్టింది. పైన ఒకటో తరగతి పాప. పాప పకపకా నవ్వుతోంది, కింద నాకు ప్రాణాలు పోయాయి. జీను పట్టుకుని వేలాడి ఎలాగో దింపాను. కరస్పాండెంట్ గారు వరండాలోంచి అంతా చూసి, "డాన్సు కూడా ఉందని వచ్చే ఏడు వేద్దామా మాస్టారూ?" అన్నారు. ఆయన జోక్ వెయ్యలేదు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పేదేమిటంటే, బ్రోచర్లో ఏదుంటే అది ముందు మీరు ఎక్కి చూడండి.

ఇంకో ఏడాది 'సాగర విహారం' అని పిల్లల్ని వాడరేవు తీసుకెళ్ళాం. పోయేటప్పుడు లెక్కపెడితే నలభై ఒక్కమంది, తిరిగొచ్చేటప్పుడు బస్సులో నలభై ఇద్దరు. పిల్లలు తగ్గితే ఏం చేయాలో తెలుసు గానీ, ఎక్కువైతే ఏం చేయాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. చూస్తే వెనక సీట్లో ఐదేళ్ళ పిల్ల, మేమిచ్చిన బిస్కట్లు తింటూ కూర్చుని ఉంది. చేపలు ఎండబెట్టుకునే వాళ్ళ పిల్ల. బస్సు ఆపి, పరుగున తీసుకెళ్ళి తల్లికి అప్పజెప్పాను. కాళ్ళ మీద పడుతుందనుకున్నాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు.

"ఇంకో గంట ఉంచుకోకపోయారా సార్, ఈ చేపలన్నీ తిరగేసేసుకునేదాన్ని" అంది.

బస్సులో అందరం నవ్వుకున్నాం. నేనైతే ఈ కథ పదేళ్ళు స్టాఫ్ రూములో చెప్పుకుని నవ్వాను. అదే మాట సుజాత గారూ నాతో హెల్మెట్ లోంచి అన్నారని మాత్రం తట్టలేదు. తట్టి ఉంటే ఇప్పుడు రాయబోయేది జరిగేది కాదు.

కోటేశ్వరమ్మ

నా చివరి వేసవికి రెండేళ్ళ ముందు సంగతి. క్యాంపు ఇంకో నాలుగు రోజుల్లో మొదలవుతుందనగా, మూడో తరగతి శ్రావణి వాళ్ళమ్మ కోటేశ్వరమ్మ నా కోసం వచ్చింది. మిర్చి యార్డు దగ్గర ఒక షెడ్డులో ముచ్చికలు తీసే పని ఆవిడది. ఎండుకాయకు తొడిమ తుంచి గోతాల్లోకి వేయాలి, కిలోకి ఇంతని ఇస్తారు. తెల్లారుజామున ఐదింటికి కూర్చుంటే మధ్యాహ్నం రెండింటికి లేస్తారు. భర్త చీమకుర్తిలో గ్రానైటు లారీల మీద పని, పదిహేను రోజులకొకసారి వస్తాడు.

"ఏటా ఎండాకాలం దీన్ని వినుకొండ దగ్గర మా అమ్మ కాడికి పంపేదాన్ని సార్. శివరాత్రి ముందు మా అమ్మ పోయింది" అంది.

"అయ్యో" అన్నాను.

"గదిలో పెట్టి తాళం వేసి పోదామంటే రేకుల ఇల్లు సార్, పదింటికే ఉడికిపోద్ది. నాతో తీసుకుపోతే ఖాళీగా కూర్చోనీరు, కాయల్లో కూర్చోబెడతారు. ఒకసారి కాయల్లో కూర్చుందంటే ఇక లేవదు సార్, నేనట్టాగే కూర్చున్నా. దాని చేతులకి ఆ పని అంటకూడదనే గదా ఈ బళ్ళో వేసింది. ఈ రెండు నెల్లూ అది కాయల జోలికి పోకుండా ఉంటే చాలు. పన్నెండున్నర కాణ్ణించి మీ బడి ఆయా చూస్తానంది. మీరు ఎట్టాగో ఒకట్టా క్యాంపులో కూర్చోబెట్టండి."

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. పేపర్లో ఫోటో వేయించుకోవడానికి కరస్పాండెంట్ గారు ఏటా రెండు ఉచిత సీట్లు నా చేతిలో పెట్టేవారు. ఒకటి అప్పటికే వ్యాను డ్రైవరు కొడుక్కి ఇచ్చాను. రెండోది ఖాళీగా ఉంది. నిజంగా అర్హులు ఎవరైనా వస్తే ఇద్దామని దాచాను. ఎదురుగా కోటేశ్వరమ్మ నిలబడి ఉంది. నేనేమన్నానో వినండి.

"ఊరికే ఇస్తే విలువుండదు కోటేశ్వరమ్మా. ఎంతో కొంత కట్టు. నీకూ గౌరవం, పిల్లకూ గౌరవం. నాలుగు వేలు ఫీజు. నీకు సగం చేయిస్తాను. ఒక్కసారే వద్దు, వారం వారం ఇవ్వు."

ఆవిడ నేలకేసి చూస్తూ వేళ్ళు మడిచింది. లోలోపల ఏవో లెక్కలు వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. తర్వాత దణ్ణం పెట్టి, "అట్టాగే సార్. మీరు చెప్పారంటే మంచికే" అంది.

ఈ విలువ మాట నా సొంతం కాదు. కరస్పాండెంట్ గారి బావమరిది మా క్యాంపులో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ మీద ఉపన్యాసం ఇచ్చేవాడు, అందులో విన్నాను. ఆ ఉపన్యాసం నేను ఊరికే విన్నాను. దానికి విలువ లేదని అప్పుడే తెలుసుకోవాల్సింది.

ఆరోజు ఇంటికెళ్ళి, చేసిన ఘనకార్యం మా ఇంటావిడకు చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ విని, "మీ ట్రైనింగ్ హాస్టల్లో రెండేళ్ళు అన్నం ఊరికే పెట్టారన్నారు కదండీ. విలువ తెలియకుండానే తిన్నారా?" అంది. నీకు అర్థం కాదులే అన్నాను. సమాధానం లేనప్పుడు మొగాళ్ళకు ఆ మాట బాగా అక్కరకొస్తుంది.

మట్టి బల్ల

క్యాంపు మొదలైంది. కోటేశ్వరమ్మ ఏడున్నరకు పనిలోంచి లేచి వచ్చి పిల్లను దింపేది. సోమవారం సోమవారం మడతలు పడిన ఐదొందలు నా చేతిలో పెట్టేది. నేను గర్వంగా రసీదు ఇచ్చేవాణ్ణి.

శ్రావణి వచ్చీ రాగానే బొమ్మలు చేసే బల్ల దగ్గరికి పరుగెత్తేది. అక్కడ తొట్టి నిండా తడి బంకమట్టి ఉండేది. రెండు చేతులూ మణికట్టు దాకా అందులో పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చునేది. స్కిప్పింగు తాడు ఇస్తే వద్దనేది. రింగు ఇస్తే పట్టుకోకుండా పక్కకు జరిగేది. "ఈ పిల్లలో కళాకారిణి ఉంది" అన్నాను నేను. ఆమె ఇన్ని రోజుల్లో చేసిన బొమ్మ ఒక్కటీ లేదే అన్న అనుమానం నాకు రాలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం కదా!

యోగాలో శవాసనం వేయించేవాణ్ణి. పిల్లలు కిచకిచలాడుతూ దొర్లేవాళ్ళు. శ్రావణి మాత్రం పడుకున్న నిమిషంలో కదలకుండా అయిపోయేది. మిగతావాళ్ళను లేపి చుట్టూ నిలబెట్టి, "చూడండర్రా, శవాసనం అంటే ఇలా వేయాలి" అని చూపించాను. ఆ పిల్ల చక్కగా గురక పెట్టి నిద్రపోతోంది.

ఒకరోజు కుళాయి కింద చేతులు పెట్టి ఎంతకీ రాకపోతే కేకలేశాను. "నీళ్ళ దగ్గర ఆటలేంటి? లైన్లోకి రా." చేతులు గౌనుకు తుడుచుకుని లైన్లోకి వచ్చి నిలబడింది.

మిరప ఘాటు తెలియలేదా అని మీరు అడగొచ్చు. మే నెల గుంటూరులో మిరప ఘాటు ఎవరికి తెలుస్తుందండీ? ఊరంతా పీల్చేది ఆ గాలే.

కరస్పాండెంట్ గారు ఫోటోగ్రాఫర్ని తీసుకొచ్చారు. మట్టిలో చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, హాయిగా నవ్వుతున్న శ్రావణిని చూసి ఆయన ముచ్చటపడిపోయారు. నాలుగు ఫోటోలు తీయించారు. సర్టిఫికెట్లు ముందుగానే ప్రెస్సుకు పంపాలి కాబట్టి ఎవరికేం రాయాలో నన్ను అడిగారు. శ్రావణి పేరు పక్కన నేను స్వహస్తాలతో 'మట్టి పనిలో విశేష ప్రతిభ' అని రాసిచ్చాను.

మన ఆటలు, మన సంస్కృతి

ఆ ఏడాది బ్రోచర్లో కొత్త లైను అదే. సందుల్లో ఊరికే ఆడుకునే గోళీలు, తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు డబ్బులిచ్చి ఆడే అవకాశం పిల్లలకు కల్పించాం. మూడో వారం దాటాక ఒకరోజు మొత్తం దానికి కేటాయించాం. అందరూ ఆడాల్సిందే అని ఆరోజు మట్టి బల్లకు గుడ్డ కప్పించాను. శ్రావణి వచ్చి, ఆ గుడ్డ చూసి, నా వంక చూసింది.

"ఇవాళ మట్టి లేదు. ఆటలే" అన్నాను.

దాగుడుమూతలు మొదలైంది. పరుగులు పెట్టదు కదా అని శ్రావణిని కళ్ళు మూసే పిల్లగా కూర్చోబెట్టాను. మొదటి దొంగ హర్ష. వాడు వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. ఆమె ఒక క్షణం తటపటాయించింది. "మూయమ్మా, పిల్లలు దాక్కోవాలి" అని తొందరపెట్టింది నేనే. రెండు అరచేతులూ వాడి కళ్ళ మీద పెట్టింది. అసలే ఉక్క, చెమట. పది లెక్కపెట్టేలోపే వాడు కేక పెట్టాడు.

అంత కేక నా సర్వీసులో వినలేదు. కళ్ళు నిప్పుల్లా అయ్యాయి. ఆయా వాణ్ణి ఎత్తుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది. అరగంట సేపు నీళ్ళు పోసి కడుగుతూనే ఉన్నాం. సుజాత గారు బ్యాంకు నుంచి ఎలా వచ్చిందో వచ్చింది.

"ఏం పూశారండీ మా వాడి కళ్ళకి? డబ్బులు తీసుకుని పిల్లల్ని గుడ్డివాళ్ళని చేస్తారా?"

అప్పుడు చూశాను, శ్రావణి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. చేతులు చూపించమన్నాను. చూపించలేదు. దగ్గరికెళ్ళి పట్టుకున్నాను. వేళ్ళ కొసలు ఎర్రగా ఉబ్బి, గోళ్ళ పక్కన చర్మం చిట్లి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుమ్మొచ్చింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఘాటుకే అని అక్కడున్నవాళ్ళతో అన్నాను.

"కాయలు పట్టుకున్నావా?"

"పొద్దున్నే అమ్మతోపాటు ముచ్చికలు తీసి వస్తన్నా సార్."

"రోజూనా?"

తలూపింది.

"ఎందుకమ్మా?"

ఇంత తెలియనివాడు మాస్టారు ఎలా అయ్యాడా అన్నట్టు చూసింది. "క్యాంపు ఫీజుకి సార్. ఊరికే రాగూడదంట గదా."

సుజాత గారు కొడుకును భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయింది. కరస్పాండెంట్ గారు గదిలోంచి వచ్చి, సంగతంతా విని, "ముందు ఆ పిల్లని ఇంటికి పంపించెయ్యి మాస్టారూ. రేపట్నుంచి రావద్దను. మన బ్రోచర్లో మిరపకాయలు లేవు" అన్నారు.

షెడ్డులో

శ్రావణిని స్కూటరు మీద కూర్చోబెట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. దారిలో బ్యాంకులో ఆగి, ఆమె తల్లి అప్పటిదాకా కట్టిన పదిహేనొందలకు సరిపడా నా ఖాతాలోంచి తీశాను. డబ్బు తిరిగిచ్చేస్తే తప్పు కూడా తిరిగొచ్చేస్తుందనుకున్నాను కాబోలు.

షెడ్డులో ఎర్రటి కాయల గుట్టలు, వాటి చుట్టూ ముక్కుకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు. కోటేశ్వరమ్మ మమ్మల్ని చూడగానే గబుక్కున లేచింది.

"ఏం చేసింది సార్? ఎవర్నన్నా కొట్టిందా?"

జరిగింది చెప్పాను. డబ్బు ఇవ్వబోతే రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దు సార్. తిరిగి తీసుకుంటే అది ఊరికే వచ్చినట్టవుద్ది. ఊరికే వస్తే విలువుండదని మీరే గదా చెప్పింది."

ఎగతాళిగా అంటే బతికిపోయేవాణ్ణి. జీవితమంతా ఎగతాళి చేస్తూ బతికినవాణ్ణి, ఎగతాళికి జవాబు చెప్పడం నాకొచ్చు. ఆవిడ నిజంగా నమ్మి అంది. నా మాటను నాకంటే ఎక్కువ గౌరవించింది. నాకు సిగ్గేసింది. ఇప్పుడు రాస్తుంటే కూడా వేస్తోంది.

"రెండు గంటలే కూర్చోబెడతన్నా సార్. చేతులకి కొబ్బరినూనె రాసే పంపిస్తన్నా. రేపట్నుంచి సబ్బుతో బాగా రుద్దుతా. ఆ బాబుగారి అమ్మ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా. సీటు మాత్రం తియ్యమాకండి."

"కోటేశ్వరమ్మా, నేను చెప్పింది తప్పు. ఊరికే సీటు ఒకటి నా దగ్గరుంది. నువ్వొచ్చిన రోజు కూడా ఉంది. ఇవ్వలేదు" అన్నాను.

"ఉందా సార్?" అంది.

పక్కన కూర్చున్న పెద్దావిడ మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, షెడ్డంతా వినపడేలా అడిగింది. "ఏందయ్యా మాస్టారా, ఊరికే సీటుంటే మరి ఈ పసిది మూడు వారాలు కాయల్లో కూర్చుంది దేనికంట?"

చుట్టూ చేతులు ఆగిపోయాయి. నా దగ్గర విజిలు ఉంది, దాంతో ఎవరి నోరైనా మూయించగలను అనుకునేవాణ్ణి. ఆరోజు మెడలో అది ఉన్న సంగతి కూడా గుర్తులేదు.

చివరికి కోటేశ్వరమ్మే నన్ను ఆదుకుంది. "నాకొద్దు సార్, దాని చేతిలో పెట్టండి. అది తీసిందే గదా" అంది. శ్రావణి చేతిలో పెట్టాను. ఆ పిల్ల పిడికిలి పూర్తిగా మూయలేక, నోట్లను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నిలబడింది.

మిగిలిన పన్నెండు రోజులు

మర్నాడు హర్ష నల్ల కళ్ళజోడు పెట్టుకుని సినిమా హీరోలా వచ్చాడు. కళ్ళకేమీ కాలేదు, అల్లా దయ. సుజాత గారు లోపలికి వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"ఆ పాప వచ్చిందా?"

"రావద్దన్నారండీ కరస్పాండెంట్ గారు."

"రమ్మనండి. ఎక్కడికి పోతుంది పాపం, వాళ్ళమ్మకు మాత్రం ఎవరున్నారు?" అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మా వాడి పక్కన మాత్రం కూర్చోబెట్టకండి."

ఆవిడను తప్పు పట్టకండి. నేను చేసినదానికంటే అది చాలా నయం. ఆవిడే కరస్పాండెంట్ గారి గదిలోకి వెళ్ళి రెండు నిమిషాల్లో బయటికొచ్చింది. స్కూలు బిల్డింగు కట్టడానికి తీసుకున్న లోను ఆవిడ బ్రాంచిలోనే ఉంది. మా కరస్పాండెంట్ గారికి హఠాత్తుగా జాలి పుట్టింది. "పసిపిల్ల మాస్టారూ, మనం చూసుకోకపోతే ఎవరు చూసుకుంటారు?" అన్నారు నాతో. ఔనండీ అన్నాను.

కోటేశ్వరమ్మను ఒప్పించడానికి ఇంకో పూట పట్టింది. ఊరికే పంపడానికి ఆవిడకు మనసొప్పలేదు. నాటిన మాట పీకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా ఇంటావిడ వెళ్ళి ఏం చెప్పిందో నాకు చెప్పలేదు గానీ, ఆ మర్నాడు శ్రావణి వచ్చింది. తల నున్నగా దువ్వుకుని, ముఖాన నిద్రమత్తు కూడా పోకుండా. ఏడింటిదాకా పడుకుందట.

నాలుగు రోజులకు వేళ్ళ ఎరుపు తగ్గింది. శవాసనంలో అందరికంటే ఎక్కువ కిచకిచలాడింది. నేను ప్రత్యేకంగా మనిషిని పంపి కొత్త బంకమట్టి తెప్పించి, తొట్టి నింపించి, ఆమెను పిలిచాను.

"మట్టొద్దు సార్. స్కిప్పింగ్ ఆడతా."

"నీకు మట్టంటే ఇష్టం కదమ్మా?"

"అందులో పెడితే మంట తగ్గేది సార్" అని తాడు లాక్కుని వెళ్ళిపోయింది.

ఆఖరి రోజున అచ్చయి వచ్చిన సర్టిఫికెట్టు ఇచ్చాను. 'మట్టి పనిలో విశేష ప్రతిభ.' కోటేశ్వరమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. చింపేసి ఇంకోటి రాయించే ధైర్యం నాకు లేకపోయింది. మరుసటి ఏడాది బ్రోచర్ అట్ట మీద శ్రావణి ఫోటోనే వేశారు, కింద 'మీ చిన్నారిలో దాగిన ప్రతిభను వెలికితీస్తాం' అని. ఫీజు ఐదొందలు పెరిగింది. ఉచిత సీట్లు రెండూ నేను క్యాంపు మొదలు కాకముందే షెడ్డుకు వెళ్ళి ఇచ్చి వచ్చేవాణ్ణి, రిటైరయ్యేదాకా. అదేమీ పెద్ద గొప్ప కాదు. రెండు సీట్లకు అక్కడ ఎంతమంది పిల్లలున్నారో చూసినవాణ్ణి కాబట్టి ఆ మాట అంటున్నాను.

ఆ బ్రోచర్ దాచుకున్నాను. మొన్న ఇంటికొచ్చిన అబ్బాయికీ అమ్మాయికీ దాని సంగతేమీ చెప్పకుండా చేతికిచ్చి, బాగా చూడమన్నాను. ఇద్దరూ చాలాసేపు చూశారు.

"పాప ఎంత ఇష్టంగా చేస్తోందో కదా సార్!" అంది ఆ అమ్మాయి.